గురుత్వాకర్షణ తరంగాలతో కబురు పంపగలమా?

ఏ గోడా, ఏ కొండా, ఏ సముద్రమూ ఆపలేని తరంగం ఒకటి ప్రకృతిలో ఉంది. భూగోళానికి ఇటువైపు ప్రవేశించి అటువైపు తేలినా దాని బలం చెప్పుకోదగ్గంతగా తగ్గదు. అదే గురుత్వాకర్షణ తరంగం. అటువంటిది ఉండి తీరాలని 1916లో ఐన్‌స్టైన్ కాగితం మీద చూపించాడు. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో యంత్రాలు దాన్ని పట్టుకున్నాయి. మరి ఇంత చక్కని తరంగం ఉండగా కబుర్లు పంపుకోవడానికి ఈ టవర్లూ, ఉపగ్రహాలూ, సముద్రం అడుగున పరిచిన కేబుళ్ళూ మనకెందుకు?

మన భౌతికశాస్త్ర విభాగంలో ఎం.ఎస్సీ. చివరి సంవత్సరం చదివే అమ్మాయి ఒకరు సెమినారులో ఈ ప్రశ్నే వేసింది. ఊరికే వేయలేదు, రెండు వాదనలు పట్టుకుని వచ్చింది. మొదటిది చరిత్ర. హెర్ట్జ్ తన ప్రయోగశాలలో విద్యుదయస్కాంత తరంగాలను పుట్టించి చూపింది 1887-88లో. మార్కోనీ అట్లాంటిక్ సముద్రం దాటించి సంకేతం అందుకున్నది 1901 డిసెంబరులో. మధ్యలో పద్నాలుగేళ్ళు. "2015లో గురుత్వ తరంగం దొరికింది కదా సార్, మరి దీనికి మార్కోనీ ఎప్పుడొస్తాడు?" అన్నది. రెండో వాదన గణితం. రేడియో ఏంటెన్నా వెదజల్లే సామర్థ్యం పౌనఃపున్యం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. గురుత్వ తరంగాలలోనేమో ఆరో ఘాతాన్ని బట్టి. కాబట్టి పౌనఃపున్యాన్ని గిగాహెర్ట్జ్‌ల దాకా ఎక్కిస్తే కావలసినంత సామర్థ్యం రావాలి కదా అని. పై చదువుకు దీన్నే పరిశోధనాంశంగా తీసుకుందామనే ఆలోచన కూడా ఉంది ఆమెకు.

నవ్వి తీసెయ్యవలసిన ప్రశ్న కాదిది. ఇదే వాదనతో విదేశాలలో పెద్ద చదువులు చదివిన ఇంజినీర్లు పథకాలు గీశారు. ప్రభుత్వాలు కమిటీలు వేసి విచారించవలసి వచ్చింది. ఒక విద్యార్థి జీవితంలో నాలుగైదేళ్ళు దీనిమీద పెట్టవచ్చునా, కూడదా అన్నది తేలాలంటే లెక్క వేసి చూడవలసిందే. సెమినారులో వ్యవధి చాలక చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను. బి.ఎస్సీ. స్థాయి భౌతికశాస్త్రం తెలిసినవారు ఎవరైనా అనుసరించవచ్చు.

ముందుగా, ఇంత అవసరం ఎవరికి వచ్చిపడిందో చూద్దాం. అందరికంటే ఎక్కువగా నీటి అడుగున ఉండే జలాంతర్గాములకు. ఉప్పునీరు విద్యుద్వాహకం కనుక రేడియో తరంగాలను మింగేస్తుంది. 20 కిలోహెర్ట్జ్ తరంగమైతే ప్రతి 1.8 మీటర్ల లోతుకూ దాని కంపన పరిమితి దాదాపు మూడోవంతుకు పడిపోతుంది. అంతకంటే హెచ్చు పౌనఃపున్యాలు ఇంకా పైపైనే ఆగిపోతాయి. అందుకే నౌకాదళాలు అతి తక్కువ పౌనఃపున్యంతో, ఎకరాలకొద్దీ భూమిలో ఏంటెన్నాలు నిలబెట్టి, మాటలుగా కాక టెలిగ్రాము మాదిరి అక్షరాలుగా ఆజ్ఞలు పంపుతాయి. మన దేశంలో తమిళనాడు తిరునెల్వేలి జిల్లాలో ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్ 1990 నుంచి ఈ పని చేస్తున్నది. ఇటువంటిదే రెండో కేంద్రానికి మన వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. అడవి పోతుందని అక్కడివారు ఎంత ఆందోళన పడ్డారో పత్రికలు చదివినవారికి తెలుసు. నీటిని, నేలను లక్ష్యపెట్టని తరంగం నిజంగా చేతికి వస్తే ఆ చెట్లలో ఒక్కటీ కొట్టనక్కరలేదు. కనుక ఈ ప్రశ్న గాలిలో వేలాడేది కాదు. జవాబు "అవును" అయితే లాభం బోలెడు.

సరే, తరంగాన్ని పుట్టించడం ఎలా? విద్యుదావేశాన్ని అటూ ఇటూ ఊపితే విద్యుదయస్కాంత తరంగం పుడుతుంది. అలాగే బరువును అటూ ఇటూ ఊపితే గురుత్వ తరంగం పుట్టాలి. ఇంతవరకు పోలిక బాగానే ఉంది. కాని ఒక మెలిక ఉన్నది. పుట్టిలో కూర్చున్నవాడు ముందుకు జరిగితే పుట్టి వెనక్కి జరుగుతుంది. మనిషీ పుట్టీ కలిపి చూస్తే గరిమనాభి ఉన్నచోటనే ఉంటుంది. ద్రవ్యవేగ నిత్యత్వమంటే ఇదే కదా. విద్యుత్తులో ధన ఋణావేశాలు రెండు రకాలున్నాయి కాబట్టి ద్విధ్రువం ఊగగలదు. ద్రవ్యరాశికి ఒకటే గుర్తు. మీరు ఒక బరువును ఇటు నెడితే నెట్టినవాడూ, వాడు నిలబడ్డ నేలా అటు కదిలి లెక్క సరిచేసేస్తాయి. కాబట్టి ద్విధ్రువ వికిరణం సున్న. గోళం ఒకటి ఊపిరి పీల్చినట్టు గుండ్రంగా ఉబ్బుతూ తగ్గుతూ ఉన్నా సున్నే. ఆకారం మారాలి: ఒక దిక్కున సాగి, దానికి అడ్డదిక్కున ముడుచుకోవాలి. దీన్ని చతుర్ధ్రువం అంటారు. రెండు కొనల బరువున్న డంబెల్‌ను నడుమ పట్టి గిరగిర తిప్పితే ఇది నెరవేరుతుంది. ఒక చుట్టుకు ఆకారం రెండుసార్లు మొదటికొస్తుంది కనుక తరంగ పౌనఃపున్యం భ్రమణ పౌనఃపున్యానికి రెట్టింపు.

తిరిగే కడ్డీ వెదజల్లే సామర్థ్యానికి సూత్రం ఇది: జడత్వ భ్రామకం వర్గాన్ని కోణీయ వేగం ఆరో ఘాతంతో గుణించాలి, దాన్ని గురుత్వ స్థిరాంకంతో గుణించి కాంతివేగం ఐదో ఘాతంతో భాగించాలి, చివర 32 బై 5 అనే అంకె. (1918లో ఐన్‌స్టైన్ ఇచ్చిన సూత్రంలో రెండు అనే గుణకం ఒకటి తప్పిపోతే 1922లో ఎడింగ్టన్ సరిదిద్దాడు. గుణకాలు తప్పిన విద్యార్థులు దీన్ని పరీక్షాధికారికి ఉదహరించవద్దని మనవి.) ఇందులో ప్రాణాంతకమైనది గురుత్వ స్థిరాంకాన్ని కాంతివేగం ఐదో ఘాతంతో భాగించిన ఆ చిన్న భాగం. అంతర్జాతీయ ప్రమాణాలలో దాని విలువ, దశాంశ బిందువు పెట్టి 52 సున్నలు రాసి ఆ తరువాత 276. ఈ 52 సున్నలను మింగగల యంత్రం కావాలి మనకు.

పాఠ్యగ్రంథాలలో పేరుపడిన ఉదాహరణ ఒకటి ఉంది. 20 మీటర్ల పొడవు, ఒక మీటరు వ్యాసార్ధం గల ఉక్కు దూలం తీసుకోండి. బరువు 490 టన్నులు. దాన్ని నడుమ ఇరుసు మీద తిప్పండి. ఎంత వేగంగా? అపకేంద్ర బలానికి ఉక్కు తెగిపోకుండా ఉండగలిగినంత వేగంగా, అంటే సెకనుకు సుమారు నాలుగున్నర చుట్లు. అప్పుడు తరంగాల పౌనఃపున్యం సుమారు 9 హెర్ట్జ్. సామర్థ్యం ఎంత వస్తుందయ్యా అంటే, దశాంశ బిందువు తర్వాత 28 సున్నలు, ఆపైన ఒక 2. అన్ని వాట్లు! 490 టన్నుల దూలం గిర్రున తిరుగుతుంటే వచ్చేది ఇది. చీమ నడకలో ఖర్చయ్యే సామర్థ్యం కూడా దీనిముందు సముద్రం.

ఇక్కడే మన సెమినారు అమ్మాయి లేచి, "9 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే ఎలా సార్, ఆరో ఘాతం ఉందిగా, వేగం పెంచండి" అన్నది. వేగం పెంచితే దూలం తెగుతుంది. తెగకుండా పౌనఃపున్యం పెంచాలంటే దూలాన్ని చిన్నది చెయ్యాలి. ఈ విషయం మొత్తానికి తాళంచెవి ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూడమని కోరుతున్నాను.

తిరిగే కడ్డీ తెగిపోయే హద్దు దేని మీద ఆధారపడుతుంది? కొనల వేగం మీద. ఆ వేగం కడ్డీ పొడవును బట్టి ఉండదు; పదార్థపు పటుత్వాన్ని సాంద్రతతో భాగిస్తే వచ్చేదాన్ని బట్టి మాత్రమే ఉంటుంది. మామూలు ఉక్కుకు అది సెకనుకు సుమారు 280 మీటర్లు. దూలమైనా సరే, సూదైనా సరే. ఇప్పుడు దూలం పొడవు, మందం రెండూ పదోవంతు చేశామనుకోండి. కొనల వేగం అదే కనుక భ్రమణాలు పదిరెట్లు పెరుగుతాయి. ఆరో ఘాతం వల్ల పది లక్షల రెట్లు లాభం. భేష్. కాని ద్రవ్యరాశి వెయ్యోవంతయింది, పొడవు వర్గం నూరోవంతయింది, జడత్వ భ్రామకం లక్షో వంతు. సూత్రంలో ఉన్నది దాని వర్గం; అంటే వెయ్యికోట్లో వంతు. లాభం పది లక్షలు, నష్టం వెయ్యి కోట్లు. నికరంగా మిగిలింది మొదటి సామర్థ్యంలో పదివేలో వంతు!

ఆరో ఘాతం ఆశపెడుతుంది, పదార్థపు పటుత్వం ఆ ఆశను అసలుతో సహా లాక్కుపోతుంది. పౌనఃపున్యం పదిరెట్లు పెంచిన ప్రతిసారీ సామర్థ్యం పదివేల రెట్లు తగ్గుతుంది. 10 గిగాహెర్ట్జ్ తరంగం కావాలంటే మన దూలం పొడవు ఒక మీటరులో వంద కోట్లో వంతును ఒక నానోమీటరు అంటారు కదా, అటువంటివి 18 మాత్రమే ఉండాలి. అది సెకనుకు 500 కోట్ల చుట్లు తిరగాలి. దాని సామర్థ్యం రాయాలంటే దశాంశ బిందువు తర్వాత 64 సున్నలు పెట్టాలి.

"సరే, ఒకటి కాదు, కోట్లకొద్దీ పెట్టండి" అంటారు ఈ పథకాలవారు. ఇది తెలివైన మాటే. అన్నీ ఒకే దశలో ఊగితే తరంగాలు ఒకదానిపై ఒకటి కూడి, సంఖ్య వర్గాన్ని బట్టి సామర్థ్యం పెరుగుతుంది. కోటి పెడితే కోటికోట్ల రెట్లు. తిరిగే సూదులకు బదులు కంపించే స్ఫటికాలు వాడవచ్చు. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వెబర్ 1960లో ప్రచురించిన వ్యాసం శీర్షికలోనే గురుత్వ తరంగాల గుర్తింపుతోపాటు ఉత్పాదన కూడా ఉంది. పీడన విద్యుత్ స్ఫటికాలను ఊపి తరంగాలు పుట్టించే ఊహ అప్పటినుంచీ ఉన్నదే. అయితే దీనికి రెండు అడ్డంకులు. 10 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లు. అంతకంటే దూరంగా పెట్టిన స్ఫటికాలు అన్ని దిక్కులా కలిసిరావు; ఏదో ఒక సన్నని దిక్కులోనే కలుస్తాయి కనుక వర్గం చొప్పున పూర్తి లాభం ఉండదు. రెండోది వేడి. స్ఫటికాన్ని పగిలిపోయే హద్దు దాకా, సెకనుకు వెయ్యికోట్లసార్లు సాగదీసి వదిలితే, నాణ్యతా గుణకం పదివేలు ఉందనుకున్నా, ఒక్క ఘన సెంటీమీటరులో పుట్టే వేడి పది లక్షల వాట్లు దాటుతుంది. కనురెప్ప మూసేలోపు అది స్ఫటికంగా ఉండదు, ఆవిరిగా ఉంటుంది. ఆవిరి కాదనుకుని లెక్క వేసినా, ఆ ఘన సెంటీమీటరు నుంచి సెకనుకు ఒక్క గ్రావిటాన్ కూడా బయటికి రాదు.

మరి ఆకాశంలోని మూలాలు ఎలా చేస్తున్నాయి? సూత్రాన్ని ఇంకో రకంగా రాస్తే తెలుస్తుంది. ప్రకృతిలో ఒక గరిష్ఠ సామర్థ్యం ఉంది, 36 పక్కన 51 సున్నలు, అన్ని వాట్లు. అందులోంచి ఏ వస్తువైనా పొందగలిగే భాగాన్ని రెండు భిన్నాలు నిర్ణయిస్తాయి. ఆ వస్తువు కృష్ణబిలంగా నలిగితే ఉండే వ్యాసార్ధానికీ, ఇప్పుడున్న పరిమాణానికీ గల నిష్పత్తి, దాని వర్గం ఒకటి. దాని వేగానికీ కాంతివేగానికీ గల నిష్పత్తి, దాని ఆరో ఘాతం రెండోది. మన 490 టన్నుల దూలం కృష్ణబిలం కావాలంటే ప్రోటానుకంటే పది లక్షల రెట్లు చిన్నదిగా నలగాలి. వేగమేమో కాంతివేగంలో పది లక్షల వంతు. రెండు భిన్నాలూ దారిద్ర్యమే. 2015లో లైగో విన్న జంట కృష్ణబిలాలలో ఒకటి సూర్యుడికి 36 రెట్లు, ఇంకొకటి 29 రెట్లు. తాకే సమయానికి వేగం కాంతివేగంలో దాదాపు సగం. రెండు భిన్నాలూ ఒకటికి దగ్గర. క్షణంలో మూడు సూర్యుల ద్రవ్యరాశి తరంగాలై పోయింది. ఇక్కడ హెచ్చు పౌనఃపున్యమేమీ లేదని గమనించండి. 35 నుంచి 250 హెర్ట్జ్ దాకా, అంటే తబలా డగ్గా పలికే మంద్రస్థాయి.

ఆ సంఘటనలోనే రిసీవరుకు సంబంధించిన ఇంకో పాఠం ఉంది. 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చినా, భూమి మీద చదరపు మీటరుకు ఒక వాటులో యాభయ్యో వంతు శక్తి ప్రవాహం ఆ క్షణాన పడింది. నిండు పున్నమి వెన్నెలలో వచ్చేదానికంటే అది ఎక్కువ! వెన్నెలను కంటితో చూస్తాం. దీన్ని చూడటానికి 4 కిలోమీటర్ల భుజాలున్న యంత్రం కావలసి వచ్చింది. ఆ భుజాలలో వచ్చిన తేడా ప్రోటాను వ్యాసంలో నాలుగు వందలో వంతు. దేశకాలం అంత బిగువైన పదార్థమన్నమాట. పైగా అదే శక్తి ప్రవాహానికి పౌనఃపున్యం ఎంత పెరిగితే సాగుడు అంత తగ్గుతుంది. 10 గిగాహెర్ట్జ్ దగ్గర అంతే శక్తి వచ్చిపడితే, లైగో చూసిన సాగుడులో ఆరు కోట్లో వంతుకు మించి ఉండదు. పంపేవాడికి లాభమనుకున్న హెచ్చు పౌనఃపున్యం అందుకునేవాడి నోట మట్టికొడుతుంది.

ఇంతవరకు బరువులు ఊపే పద్ధతి. అసలు బరువులే లేని మార్గం ఒకటుంది. నాకు వ్యక్తిగతంగా చాలా ఇష్టమైనది కూడా. 1962లో గెర్ట్‌సెన్‌ష్టైన్ అనే సోవియట్ శాస్త్రజ్ఞుడు, బలమైన నిశ్చల అయస్కాంత క్షేత్రం గుండా కాంతిగాని రేడియో తరంగంగాని పోతే అందులో రవ్వంత భాగం గురుత్వ తరంగంగా మారుతుందని చూపించాడు. పౌనఃపున్యం మారదు. రెండూ శూన్యంలో కాంతివేగంతోనే పోతాయి కనుక అడుగు తప్పకుండా పక్కపక్కన నడుస్తూ, క్షేత్రం పొడవునా పోగవుతాయి. మళ్ళీ అవతల ఇంకో అయస్కాంతం పెడితే గురుత్వ తరంగం తిరిగి రేడియో తరంగమవుతుంది. నడుమ కొండ పెట్టండి, సముద్రం పెట్టండి. సిద్ధాంతరీత్యా ఇది సంపూర్ణమైన ట్రాన్స్‌మిటరూ, రిసీవరూ. ఉక్కు తెగేది లేదు, స్ఫటికం పగిలేది లేదు.

మారే భాగం ఎంత? అయస్కాంత క్షేత్రాన్ని టెస్లాలలో, పొడవును మీటర్లలో తీసుకుని గుణించి, వర్గం చేసి, దాన్ని ఒక స్థిరాంకంతో గుణించాలి. ఆ స్థిరాంకం దశాంశ బిందువు, 37 సున్నలు, ఆపైన 82. మనం పిసినారితనం చెయ్యవద్దు. 10 టెస్లాల క్షేత్రాన్ని ఏకంగా ఒక కిలోమీటరు పొడవున పెడదాం. జర్మనీలోని హాంబర్గ్‌లో ఇటువంటి పోకడే ఉన్న ప్రయోగం ఒకటి ఉంది. గోడ ఇటువైపు కాంతి పంపి, అది కంటపడని కణంగా మారి గోడ దాటి తిరిగి కాంతి అవుతుందేమో చూస్తారు. దానికి 5.3 టెస్లాల అయస్కాంతాలు గోడకు ఒక్కో పక్క నూరు మీటర్లకు పైగా వరుసగా పెట్టి 2023లో పని మొదలెట్టారు. వారు వెతికేది గురుత్వ తరంగాలను కాదు, యాక్సియాన్ల వంటి కణాలను. అయినా యంత్రం పోలిక అదే. మనది అంతకంటే చాలా పెద్దది. అందులోకి 10 గిగాహెర్ట్జ్ మైక్రోతరంగాలు ఒక మెగావాటు పంపుదాం.

ఒక మెగావాటులో సెకనుకు ఉండే ఫోటాన్లు 15 పక్కన 28 సున్నలు. మారే భాగం దశాంశ బిందువు, 29 సున్నలు, 82. రెండూ గుణిస్తే సెకనుకు ఒకటికి కాస్త పైన. అంటే సెకనుకు ఒక గ్రావిటాన్! ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మనిషి చేతితో, ఊహకందే యంత్రంతో, సెకనుకు ఒక గ్రావిటాన్ చొప్పున పుట్టించవచ్చు.

కాని అవతలివాడు దాన్ని అందుకోవాలిగా. అతని దగ్గరా మనదాని వంటిదే కిలోమీటరు అయస్కాంతం ఉందనుకుందాం. వచ్చిన గ్రావిటాన్ ఫోటానుగా మారే అవకాశం కూడా అంతే, దశాంశ బిందువు, 29 సున్నలు, 82. కాబట్టి ఒక్క ఫోటాను అందాలంటే 1 పక్కన 29 సున్నలు పెట్టినన్ని సెకన్లు ఆగాలి. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలు. దానికి ఇరవై వేల కోట్ల రెట్లు. "హలో" అనడానికి కాదు, "హ"లో మొదటి చుక్కకు. పోనీ సెకనుకు ఒక ఫోటాను అందేటట్టు అయస్కాంతాల పొడవు పెంచుదామా? రెండు పక్కలా మార్పిడి ఉంది కనుక పొడవు నాలుగో ఘాతం లెక్కకొస్తుంది, అదొక్కటే ఊరట. ఒక్కొక్క పక్క 1 కోటీ 80 లక్షల కిలోమీటర్ల అయస్కాంతం కావాలి. చంద్రుడి దూరానికి 46 రెట్లు. ఇందులో మైక్రోతరంగం దారిలో విచ్చుకుపోవడం నేను లెక్కలోకి తీసుకోనేలేదు.

పక్కన ఇది పెట్టి చూడండి. వాయేజర్-1 నౌకలోని ట్రాన్స్‌మిటరు సామర్థ్యం సుమారు 23 వాట్లు, ఇంట్లో బల్బుపాటి. 2,400 కోట్ల కిలోమీటర్ల అవతలి నుంచి దాని మాట మనకు వినబడింది. తేడా ఎక్కడుంది? హైడ్రోజన్ పరమాణువులో ప్రోటానుకూ, ఎలక్ట్రానుకూ నడుమ విద్యుదాకర్షణ గురుత్వాకర్షణ కంటే 2 పక్కన 39 సున్నలు పెట్టినన్ని రెట్లు ఎక్కువ. ట్రాన్స్‌మిటరు దగ్గర ఒకసారి, రిసీవరు దగ్గర ఒకసారి, ఈ బలహీనతకు రెండుసార్లు సుంకం కట్టాలి. గురుత్వ తరంగాన్ని ఏ కొండా ఆపలేదని సంబరపడ్డాం. కొండ ఆపలేనిదాన్ని ఏంటెన్నా మాత్రం ఎలా ఆపుతుంది? అది అన్నిటినీ దాటిపోయే గుణమూ, ఎవరి చేతికీ చిక్కని గుణమూ ఒకటే. రెండోది వదిలి మొదటిది మాత్రం ఇమ్మంటే ప్రకృతి ఇవ్వదు.

హెర్ట్జ్-మార్కోనీ పోలిక ఎందుకు పొసగదో ఇప్పుడు తేలికగా చూడవచ్చు. హెర్ట్జ్ తన గదిలోనే తరంగం పుట్టించి, ఆ గదిలోనే తీగచుట్ట కొనల మధ్య రవ్వ మెరవడం చూశాడు. ట్రాన్స్‌మిటరూ రిసీవరూ రెండూ మొదటిరోజునుంచే చేతిలో ఉన్నాయి. 1895 నాటికి కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గోడ అవతల గంట మోగించి చూపించాడు. మిగిలింది దూరం పెంచడమే. లైగోవారు విన్నది తమ తరంగాన్ని కాదు. వారి దగ్గర రిసీవరు మాత్రమే ఉంది. ట్రాన్స్‌మిటరు ఆకాశంలో ఉంది, దానికి మీట లేదు.

అయినా ఈ ఆశకు అంతం లేదు. హెచ్చు పౌనఃపున్య గురుత్వ తరంగాలతో జలాంతర్గాములకు వార్తలు పంపవచ్చుననీ, భూగర్భాన్ని ఫోటో తీయవచ్చుననీ, శత్రువులు ముందుగా సాధిస్తే ముప్పనీ అమెరికాలో ప్రచారం సాగితే, అక్కడి గూఢచార వ్యవస్థ జేసన్ అనే శాస్త్రజ్ఞుల బృందాన్ని తేల్చమన్నది. 2008లో వారిచ్చిన నివేదిక సారాంశం మనం ఇప్పుడు వేసిన లెక్కే. ఆ పథకాలు కొద్దో గొప్పో కాదు, ఎన్నో పదుల ఘాతాల దూరంలో ఉన్నాయనీ, వాటివల్ల దేశరక్షణకు ఉపయోగమూ లేదు, ముప్పూ లేదనీ చెప్పారు. ఆ బృందం వాడినది ఏ రహస్య విద్యా కాదు, ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రమే.

కొండల్లోంచి కబురు పంపే ముచ్చట తీరాలంటే న్యూట్రినోలు ఎంతో నయం. 2012లో అమెరికాలోని ఫెర్మీ ప్రయోగశాలవారు న్యూట్రినోల పుంజంతో కిలోమీటరుకు పైగా దూరం, అందులో 240 మీటర్లు రాతినేల గుండా, "న్యూట్రినో" అనే ఒక్క మాటను సంకేతాలుగా పంపి చదువుకున్నారు. వేగం పది సెకన్లకు ఒక బిట్. దానికోసం వాడింది లోకంలోని పెద్ద త్వరణయంత్రాలలో ఒకటి, రిసీవరు బరువు టన్నులలో ఉంటుంది. నత్తనడకే కావచ్చు, కాని మాట చేరింది. దామగుండం చెట్లకు ఇది కూడా ఇప్పట్లో అక్కరకు రాదనుకోండి.

హెచ్చు పౌనఃపున్య గురుత్వ తరంగాలంటే పరిశోధకులకు పనే లేదా అంటే, ఉంది. పుట్టించడంలో కాదు, వినడంలో. పదివేల హెర్ట్జ్ దాటితే తరంగాలు గట్టిగా పుట్టించే నక్షత్రాలేవీ మనకు తెలిసినంతలో లేవు. కాబట్టి మెగాహెర్ట్జ్ దగ్గర ఏదైనా వినబడితే అది విశ్వం పుట్టిన తొలి క్షణాల నాటిదో, మనకు తెలియని మరేదో అయి ఉండాలి. పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంవారు చిన్న స్ఫటికపు బిళ్ళను అతిశీతలంలో ఉంచి 5.5 మెగాహెర్ట్జ్ దగ్గర చెవి ఒగ్గితే 2019లో రెండు అరుదైన కదలికలు కనబడ్డాయి. ఫలితాలు 2021లో ప్రచురించారు. అవి గురుత్వ తరంగాలని మాత్రం రుజువు కాలేదు. వెబర్ 1969లో తాను గురుత్వ తరంగాలు పట్టానని ప్రకటిస్తే ఇతర ప్రయోగశాలలు ధ్రువపరచలేకపోయిన సంగతి ఈ రంగంలో ఎవరూ మరచిపోలేదు. తక్కువ పౌనఃపున్యాల వైపు చూస్తే మన పొరుగునే, పూర్వం హైదరాబాదు రాష్ట్రంలో ఉండి ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న హింగోలీ జిల్లా ఔంఢా నాగనాథ్ దగ్గర లైగో-ఇండియాకు స్థలం తీసుకున్నారు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్ల రూపాయలతో ఆమోదించింది. లేజర్లు, శూన్యగొట్టాలు, అద్దాల పూతలు, భూకంపనాలను వడకట్టే ఊయలలు, దత్తాంశాల విశ్లేషణ, ఇవన్నీ తెలిసినవారు కావాలి. నాలుగైదేళ్ళు పెట్టదలచుకున్న విద్యార్థులకు నేను చూపే దిక్కు అదే.

ఓపిక ఉన్నవారు ఇంకొక లెక్క వేసి చూడండి. మన కిలోమీటరు అయస్కాంతంలోకి మైక్రోతరంగాలకు బదులు ఒక మైక్రోమీటరు తరంగదైర్ఘ్యం గల లేజరు కాంతిని అదే మెగావాటు పంపితే? అది విచ్చుకోదు, కాబట్టి పుంజంగా పంపడానికి అనువు. కాని ఒక్కొక్క ఫోటాను శక్తి ఎక్కువ, అందువల్ల వాటి సంఖ్య తక్కువ. గ్రావిటాన్‌లు సెకనుకు ఒకటి కాక సుమారు ఏడు గంటలకు ఒకటి చొప్పున బయలుదేరుతాయి. అవతలి ఒడ్డున మొదటి ఫోటాను వెలిగేదెన్నడో మీరే తేల్చుకోండి. సున్నలకు కాగితం కాస్త ఎక్కువే పడుతుంది.